ఫోటో ముందు పది నిమిషాలు: మ్యూజియంలో నేటి ఫోటోగ్రాఫర్ల పనికి మన సొంత జవాబు ఇవ్వడం ఎలా

అనంతపురం ఆడవాళ్ల ముఖాలు స్పెయిన్ దేశంలో ప్రదర్శనల గోడలెక్కాయన్న సంగతి మన ఊళ్లోనే చాలామందికి తెలియదు. క్రిస్టీనా గార్సియా రొదేరో అనే స్పెయిన్ ఫోటోగ్రాఫర్ మన జిల్లాకొచ్చి, ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పనిచేసే పల్లెల్లో తిరిగి, ముఖ్యంగా ఆడవాళ్లను ఫోటోలు తీశారు. మాగ్నమ్ అనే పేరున్న ఫోటోగ్రాఫర్ల సంస్థలో స్పెయిన్ నుంచి సభ్యత్వం పొందిన మొదటి వ్యక్తి ఆమె. 'కలల నేల' అని అర్థం వచ్చే పేరుతో ఆ ఫోటోలు అక్కడి ఊరూరా తిరిగాయి. మన పల్లె తల్లుల కళ్లలోకి ఎక్కడెక్కడి జనమో నిలబడి చూశారు.

ఇది తెలిసినప్పటి నుంచి నన్నొక ప్రశ్న వదల్లేదు. వాళ్లు మనల్ని చూశారు సరే, మన వంతు వచ్చినప్పుడు మనం ఎలా చూస్తున్నాం?

నేను డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతాను. వీలైనప్పుడల్లా ఒక బస్సు మాట్లాడుకుని వాళ్లను ఫోటో ప్రదర్శనలకు తీసుకెళ్తుంటాను. మొదటిసారి వెళ్లినప్పుడు నూరుకు పైగా ఫోటోలను 40 నిమిషాల్లో చుట్టేశాం. తిరుగు ప్రయాణంలో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీకి ఆగాం. ఏదైనా ఒక్క ఫోటో గురించి చెప్పండ్రా అంటే, "బాగున్నాయి మేడమ్" అన్నారు అందరూ. నేనూ అంతకు మించి చెప్పలేకపోయాను. చాలా బాధేసింది. ఎలా చూడాలో, చూసినదాన్ని ఎలా మాటల్లో పెట్టాలో ఆ పిల్లలకు ఎవరూ నేర్పలేదు, నాతో సహా. ఆ తర్వాతి ప్రయాణాల్లో కొంచెం కొంచెంగా కుదిరిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

దీనికి ఫోటోగ్రఫీ చదివి ఉండక్కర్లేదు. అలాగని మనకేది తోస్తే అదే రైటు అనుకుంటే కూడా కుదరదు. ఫోటోలో ఉన్నది ఒకటి, దాని ముందుకు మనం మోసుకెళ్లేది ఒకటి. ముందు ఆ రెంటినీ విడదీయాలి, తర్వాత కలపాలి. మొత్తం పని ఇంతే. కానీ చేయబోతే గానీ అందులో కష్టం తెలియదు.

బయల్దేరే ముందు: ఇంటి ఆల్బమ్‌తో సాధన

మ్యూజియంకు వెళ్లే వారం ముందు ఇంట్లో ఉన్న పాత ఫోటో ఒకటి తీయండి. పెళ్లి ఆల్బమ్‌లోదైనా సరే, గోడకున్నదైనా సరే. గడియారం చూసుకుని 10 నిమిషాలు దాని ముందే కూర్చోండి. కనిపించినవన్నీ ఒక కాగితం మీద రాయండి. మొదటి మూడు నిమిషాలకే అయిపోయిందనిపిస్తుంది. లేవకండి. అసలు చూడటం అక్కడి నుంచే మొదలవుతుంది.

మా అవ్వది ఒకే ఒక్క ఫోటో ఉంది. నలుపు తెలుపు స్టూడియో ఫోటో. చిన్నప్పటి నుంచి రోజూ చూస్తున్నదే. అయినా ఈ సాధన కోసం కూర్చున్న రోజే దాన్ని నిజంగా చూశాను. కుర్చీలో కూర్చుంది. వెనక తెర మీద తోట, మెట్లు గీసి ఉన్నాయి. కాళ్లకు చెప్పుల్లేవు. రెండు చేతులూ మోకాళ్ల మీద, వేళ్లు విడివిడిగా పరిచి ఉన్నాయి. ఏడో నిమిషమో ఎనిమిదో నిమిషమో, ఎడమ బొటనవేలు మీద చూపు ఆగింది. మిగతా వేళ్లకంటే అది నల్లగా ఉంది. నీడ కాదు, ఎందుకంటే వెలుతురు అటు నుంచే పడుతోంది.

కాగితం మీద రాసుకున్నాను: 'ఎడమ బొటనవేలు నల్లగా ఉంది.' దాని కింద ఇంకో వరుస: 'పొయ్యి మసి అయ్యుంటుంది అనిపిస్తోంది.' సాయంత్రం నాయనను అడిగాను. ఫోటో చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అది సిరా కదమ్మా. ఆ పొద్దు చేను రాసిచ్చేసి వస్తావస్తా ఫోటో దిగింది మీ అవ్వ" అన్నాడు.

నేను చూసింది నిజం. నేను అనుకున్నది తప్పు. మూడోది అడిగితే తెలిసింది. మ్యూజియంలో చేయబోయేది కూడా ఈ మూడే. అందుకే ముందు ఇంట్లో ఒకసారి చేసి రమ్మంటాను. ఇంటి ఫోటో దగ్గర కుదిరిన ఓపిక, తెలియనివాళ్ల ఫోటో దగ్గర కూడా మెల్లగా అలవడుతుంది.

ఎక్కడికి, ఎప్పుడు, ఏం పట్టుకుని

అనంతపురం వాళ్లకు దగ్గర బెంగళూరు. 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు. అక్కడ కస్తూర్బా రోడ్డులో మ్యాప్ అని పిలిచే మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ ఉంది. 2023 ఫిబ్రవరిలో తలుపులు తెరిచింది, పేరులోనే ఫోటోగ్రఫీ ఉన్న మ్యూజియం. ప్యాలెస్ రోడ్డులో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఉంది. కర్నూలు వాళ్లకు ఇంచుమించు అంతే దూరంలో హైదరాబాద్. మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో 2015లో మొదలైన ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ జరుగుతుంటుంది. కడప వాళ్లకు చెన్నై కూడా అందుబాటే. 2016 నుంచి అక్కడ ఫోటో బియెనాలే అనే ఫోటోల పండుగ నడుస్తోంది.

మనలో చాలామందిమి బెంగళూరుకు ఆసుపత్రి పనికో, పరీక్షకో, పిల్లల ఉద్యోగం దగ్గరికో వెళ్తాం. రిపోర్టు సాయంత్రం ఇస్తామంటే మధ్యాహ్నమంతా ఖాళీ. ఆ మూడు గంటలు ఈ పనికి చాలు. సోమవారం చాలా మ్యూజియంలకు సెలవు కాబట్టి ముందే చూసుకోండి.

పెన్సిల్, చిన్న నోటుబుక్కు దగ్గరుంచుకోండి. సిరా మరక పడుతుందని చాలాచోట్ల పెన్ను వద్దంటారు. సంచి బయటే పెట్టమంటారు. ఏదో ఒకటి తినేసి వెళ్లండి. ఆకలితో ఫోటో చూడలేం. లోపల వెలుతురు తక్కువగా ఉందని ఖర్చు తగ్గించుకుంటున్నారనుకోవద్దు. వెలుతురుకు ఫోటో ప్రింట్లు వెలిసిపోతాయి. అందుకే చాలా మ్యూజియంలు వాటి మీద పడే వెలుతురును 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురుకు కొలత) దాపులకు తగ్గించి ఉంచుతాయి. ఎండలోంచి లోపలికి వెళ్లినవాళ్లు రెండు మూడు నిమిషాలు ఆగి, కళ్లు అలవాటు పడ్డాక మొదలుపెట్టండి.

మొదటి చుట్టు: చీటీ చదవొద్దు

లోపలికి వెళ్లగానే గోడమీది పెద్ద పరిచయం చదవాలనిపిస్తుంది. వద్దు. ఫోటో పక్కన ఉండే చిన్న చీటీ కూడా ఇప్పుడే చదవొద్దు. చదివితే ఆ మాటలే కళ్లకు అడ్డం పడతాయి. గది మొత్తం ఒకసారి నెమ్మదిగా నడవండి. ఎక్కడా ఆగక్కర్లేదు. ఏ ఫోటో దగ్గర మీ కాలు దానంతటదే మందగించిందో గమనించండి.

అది అందమైన ఫోటో కానక్కర్లేదు. "ఇందులో ఏముందని ఇక్కడ పెట్టారు?" అని చిరాకు పుట్టించిందైనా సరే. నిజానికి నేటి ఫోటోగ్రాఫర్ల పనిలో సగం మనకు మొదటి చూపులో అలాగే ఉంటుంది. ఖాళీ గది, ఫైళ్ల కట్టలు, కెమెరాను సూటిగా చూస్తూ నిలబడ్డ ఎవరో పిల్ల. సూర్యాస్తమయాలు, నెమళ్లు కనిపించవు.

ఒక్కదాన్ని ఎంచుకోండి. గట్టిగా అయితే రెండు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో చేసి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక్కో కళాకృతి ముందు జనం సగటున 27 సెకన్లు నిలబడ్డారని తేలింది. మనం నిలబడబోయేది 10 నిమిషాలు. మిగతావి చూడలేదే అన్న దిగులు పెట్టుకోకండి. నూరు చూసి వట్టి చేతులతో వచ్చిన అనుభవం నాకుంది.

ఫోన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. లిండా హెంకెల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మ్యూజియంలోని వస్తువులను ఫోటో తీసుకున్నవాళ్లకు వాటి వివరాలు, ఊరికే చూసినవాళ్లకంటే తక్కువ గుర్తున్నాయి. ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్లకు మాత్రం జ్ఞాపకం దెబ్బతినలేదు. కాబట్టి 10 నిమిషాలూ ఫోన్ జేబులోనే ఉండాలి. చివర్లో, అనుమతి ఉంటే, మీకు ముఖ్యమనిపించిన చిన్న భాగం ఒక్కటే తీసుకోండి. ఫ్లాష్ వాడకూడదు.

ఎదురుగా పది నిమిషాలు: 'ఉన్నది' రాయడం

నోటుబుక్కులో ఎడమ పేజీ పైన 'ఉన్నది' అని రాయండి. ఈ పేజీకి నియమం ఒక్కటే: ఫోటోలో వేలు పెట్టి చూపించగలిగిందే రాయాలి. 'పాపం', 'దీనంగా', 'అద్భుతంగా' లాంటి మాటలు ఈ పేజీలోకి రాకూడదు. 'పేద స్త్రీ' అని రాశారనుకోండి. పేదరికం ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి అంటాను. అప్పుడు 'జాకెట్ భుజం దగ్గర కుట్టు ఊడింది' అని రాస్తారు. ఈ రెండో మాటలోనే బలముంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాత్రికేయుడు పి. సాయినాథ్ 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో, పనిచేసే ఆడవాళ్లను తీసిన ఫోటోల ప్రదర్శన ఒకటుంది. ఊళ్లలో మామూలు జనం మధ్యకు వెళ్లిన ప్రదర్శన అది. ఇప్పుడు 'పరి' (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. దాని మొదట్లోనే ఇటుకల బట్టీ ఫోటో ఉంటుంది. దాని ముందు కూర్చుంటే 'ఉన్నది' పేజీ ఇలా మొదలవుతుంది: తల మీద ఇటుకలు. పాదాల కింద పలక. చెప్పుల్లేవు. నడుస్తున్నారు. ఇక్కడ ఆగి అడగాలి, బరువు ఎటు పడుతోంది? మెడ ఎలా ఉంది? ఎవరైనా కెమెరా వైపు చూస్తున్నారా? పలక మీద నడిచే మనిషి పక్కకు చూస్తే ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్న దగ్గర పోయినసారి మా పిల్లలు ఉన్నట్టుండి మాటలాపేశారు.

రాసేది అయిపోయిందనిపిస్తే ఇవి చూడండి. ఫోటో నాలుగు అంచులు: ఎవరి చెయ్యి, ఏ గోడ సగంలో తెగిపోయింది? వెలుతురు ఎటునుంచి వస్తోంది? ఫోటోగ్రాఫర్ ఎక్కడ నిలబడ్డారు? ఇది చాలా ముఖ్యం. కూర్చున్న మనిషిని పైనుంచి తీశారా, తామూ కింద కూర్చుని కళ్లకు కళ్లు సమంగా పెట్టి తీశారా? ఎంత దూరంలో ఉన్నారు? మాట వినపడేంత దూరమా, ఆమెకు తెలియనంత దూరమా? తర్వాత ప్రింటు సైజు చూడండి. అరచేతిలో పట్టేంత చిన్నదైతే మనం దగ్గరికి వంగుతాం, గోడంత పెద్దదైతే వెనక్కి జరుగుతాం. ఫోటోగ్రాఫర్ మన ఒంటిని కూడా కదిలిస్తున్నారన్నమాట. ఫోన్ తెర మీద అన్ని ఫోటోలూ ఒకే సైజు. మ్యూజియం దాకా వెళ్లడానికి ఇదొక్కటి చాలు కారణం.

కుడి పేజీ: 'నేను తెచ్చుకున్నది'

ఇప్పుడు కుడి పేజీ తీసి 'నేను తెచ్చుకున్నది' అని రాయండి. ఇక్కడ ఏ నియమమూ లేదు. ఏం గుర్తొచ్చింది, ఎవరు గుర్తొచ్చారు, ఏ వాసన తగిలింది, ఎక్కడ గుచ్చుకుంది. ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ ఫోటోలో మనల్ని గుచ్చే చిన్న వివరానికి పంక్టం అని పేరు పెట్టాడు. ఫోటోగ్రాఫర్ కావాలని పెట్టింది కాకపోవచ్చు అది. మా అవ్వ బొటనవేలు లాంటిది.

నాకు అలా గుచ్చుకున్నవి దయానితా సింగ్ ఫోటోలు. 1961లో ఢిల్లీలో పుట్టిన ఆమెకు 2022లో ఫోటోగ్రఫీలో పెద్ద గౌరవమైన హాసెల్‌బ్లాడ్ అవార్డు వచ్చింది. దేశంలోని రికార్డు గదులను ఆమె నలుపు తెలుపులో తీశారు. అరల నిండా గుడ్డలో కట్టిన ఫైళ్ల మూటలు, ఒకదాని మీద ఒకటి. ఎడమ పేజీలో నేను రాసింది: 'గుడ్డ ముడులు. వంగిన అర. చివర్లు నలిగిన కాగితాలు.' కుడి పేజీకి వచ్చేసరికి చెయ్యి ఆగలేదు. పాసు పుస్తకం కోసం నాయనతో కలిసి ఎన్నిసార్లు ఆఫీసు చుట్టూ తిరిగామో, బెంచీ మీద కూర్చుని అలాంటి మూటలనే చూస్తూ ఎన్ని పూటలు గడిపామో అన్నీ వచ్చేశాయి. ఎక్కడో ఒక మూటలో మా అవ్వ వేలిముద్ర కూడా ఉండే ఉంటుంది. ఆ వేలు మా ఇంటి గోడ మీద ఫోటోలో ఉంది. దాని ముద్ర ఆ గుడ్డమూటలో ఉంది.

దయానితా సింగ్‌కు మా అవ్వ తెలియదు. నా కుడి పేజీ ఆమె ఫోటోకు అర్థం కాదు. కానీ ఆమె అన్ని మూటలు అంత ఓపిగ్గా తీయకపోతే నాలో ఇది కదిలేది కాదు. అందుకే రెండు పేజీలూ పక్కపక్కనే ఉండాలి. కుడి పేజీలో రాసిన ప్రతి వాక్యం నుంచీ ఎడమ పేజీలోని ఒక మాటకు గీత గీయండి. గీత కలవని వాక్యాలు కొన్ని మిగులుతాయి. అవి మీ సొంత ఆలోచనలు. చెడ్డవేం కావు, కానీ ఈ ఫోటోకు చెందినవి కావు. వాటిని పక్కన పెట్టి, గీత కలిసినవాటితోనే ముందుకు వెళ్లండి.

ఏమీ గుర్తు రాకపోతే? అప్పుడు బలవంతంగా అమ్మనో ఊరినో లాక్కురావద్దు. 'నాకు దీనితో ఏ సంబంధమూ తోచలేదు' అని రాసి, ఎందుకు తోచలేదో ఎడమ పేజీలో వెతకండి. మనుషులే లేరా? మరీ దూరం నుంచి తీశారా? అదీ స్పందనే.

ఇప్పుడు చీటీ చదవండి

పేరు, ఏడాది, ఊరు, ప్రింటు రకం ఉంటాయి. ఉన్నవాటిలో మీరు అనుకున్నది ఏది తప్పిందో కింద రాయండి. తప్పినందుకు సిగ్గుపడక్కర్లేదు. మసి అనుకున్నది సిరా అని తెలిసిన క్షణం ఉంటుంది కదా, దాని కోసమే ఇదంతా. ఇటుకల బట్టీ ఫోటోనే చూడండి. వాళ్లు ఒడిశా నుంచి మన ఆంధ్రప్రదేశ్‌కు వలస వచ్చిన కూలీలనీ, ఆ రోజు ఎండ 49 డిగ్రీలనీ పక్కనున్న రాత చెబుతుంది. ఎడమ పేజీలో 'చెప్పుల్లేవు' అని రాసుకున్న మాట మళ్లీ చదువుకోండి, ఇప్పుడు ఎలా ఉంటుందో.

చీటీ చదివాక నేను ఎప్పుడూ అడగమనే ప్రశ్న ఒకటుంది: ఫోటోలోని మనిషికి ఇందులో వాటా ఎంత? అంటే, తీస్తున్నట్టు వాళ్లకు తెలుసా, ఎలా కనిపించాలో వాళ్లు కూడా నిర్ణయించారా? నేటి ఫోటోగ్రాఫర్లలో మంచివాళ్లు చాలామంది ఈ ప్రశ్న చుట్టూనే పని చేస్తున్నారు.

గౌరీ గిల్ పని చూడండి. రాజస్థాన్ పల్లెల్లో ఏళ్ల తరబడి తీసిన ఫోటోలకు ఆమెకు 2023లో ప్రీ పిక్టెట్ బహుమతి వచ్చింది. 2015 నుంచి ఆమె మహారాష్ట్రలోని జవ్హార్ ప్రాంతంలో, కాగితపు గుజ్జుతో ముఖోటాలు (ముఖానికి తొడుక్కునే మాస్కులు) చేసే ఆదివాసీ కళాకారులతో కలిసి పనిచేశారు. వాళ్లు మామూలుగా ఉత్సవాలకు దేవతల ముఖోటాలు చేస్తారు. ఆమె మాత్రం రోజువారీ బతుకులోని ముఖాలు చేయమని అడిగారు. మనుషులు, జంతువులు, వస్తువులు. అవి తొడుక్కుని ఊళ్లోవాళ్లే తమ ఇళ్లలో, వీధుల్లో, పనుల్లో కెమెరా ముందుకొచ్చారు. ముఖం కాగితంది, చేతులు మాత్రం నిజమైనవి. ఆ చేతులనే చూడండి అంటాను పిల్లలతో. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఇళ్లు చూసినవాళ్లకు ఈ ఫోటోలు కొత్తగా ఉండవు. తెర వెనక మనిషి, ముందు బొమ్మ. ఇక్కడ తెర లేదు, మనిషీ బొమ్మా ఒక్కటయ్యారు.

బెంగళూరుకే చెందిన పుష్పమాల ఎన్. ఇంకో దారి పట్టారు. ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000 నుంచి 2004 వరకు చేసిన ఫోటోల్లో దక్షిణాది స్త్రీ పాత్రలెన్నో ఆమే వేశారు. అందులో రవివర్మ లక్ష్మీదేవి కూడా ఉంది. మన పూజగది పటంలో ఉన్న లక్ష్మే. అదే తామర, అదే నిలబడటం, కానీ ఎదురుగా ఉన్నది ఊపిరి తీసుకుంటున్న ఒక మనిషి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇబ్బందిగా అనిపించింది, దేవుడి పటంతో ఆటలా అని. తర్వాత ఎడమ పేజీ నింపుతుంటే తట్టింది: మన ఇంటి లక్ష్మి ముఖం కూడా ఒకప్పుడు ఒక చిత్రకారుడు ఊహించి గీసిందే కదా. ఇంట్లో రోజూ దీపం పెట్టే పటాన్ని ఆ తర్వాత ఇంకాస్త శ్రద్ధగా చూశాను.

నచ్చకపోతే, బాధ కలిగితే

నచ్చలేదని రాయడానికి భయపడొద్దు. గోడకు పెట్టారు కాబట్టి గొప్పదే అయ్యుంటుందని తల ఊపడం స్పందన కాదు. అయితే 'నచ్చలేదు' పక్కన 'ఎందుకంటే' ఉండాలి, ఆ 'ఎందుకంటే' నుంచి ఎడమ పేజీకి గీత కలవాలి.

బాధపెట్టే ఫోటోల దగ్గర మాత్రం తొందర వద్దు. 1984 భోపాల్ విషవాయువు తర్వాత మట్టిలో పూడ్చుతున్న ఒక పసిబిడ్డ ముఖాన్ని రఘు రాయ్ నలుపు తెలుపులో, పాబ్లో బార్తలోమ్యూ రంగుల్లో తీశారు. అదే బిడ్డ, అదే మట్టి. రెంటినీ పక్కపక్కన పెట్టి రంగు ఏం చేస్తోంది, రంగు లేకపోవడం ఏం చేస్తోంది అని చూడటం మంచి సాధనే. కానీ ఈ మధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్ల గుంపులో ఉంటే నేను ఆ పని పెట్టను. మీకు కూడా తట్టుకోలేననిపిస్తే పక్కకు వచ్చేయండి. ఎందుకు వచ్చేశారో రెండు వాక్యాలు రాస్తే చాలు. అలాంటి ఫోటో ముందు సెల్ఫీ తీసుకోకండి, స్టేటస్ పెట్టుకోకండి.

జవాబు ఇవ్వడం

ఇంతవరకు చేసింది చూడటం. ఇక మనం చెప్పాలి. నాకు బాగా పనికొచ్చినవి మూడు రకాలు.

మొదటిది ఉత్తరం. ఫోటోగ్రాఫర్‌కు రాయమంటే పిల్లలు "మీ ఫోటో చాలా బాగుంది సార్" దగ్గరే ఆగిపోతున్నారు. అందుకే ఫోటోలో ఉన్న మనిషికి రాయమంటాను. వరస కలిపి రాయాలి. అక్కా, అవ్వా, తమ్ముడూ, ఏదైతే నోటికి వస్తుందో అది. వరస కలపగానే రాత మారిపోతుంది. ఇటుకల బట్టీ ఫోటోకు కదిరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి రాసింది ఇది: "అక్కా, ఆ పలక ఊగుతుందా? మా అమ్మ కూడా బెంగళూరులో మూడేండ్లు బిల్డింగు పనికి పోయింది. తల మీద చుట్ట పెట్టుకునేది. నువ్వు కూడా పెట్టుకున్నావా అని దగ్గరికొచ్చి చూసినా. మా అమ్మను ఎవురూ ఫోటో తీయలేదు. నీ ఫోటోలో మా అమ్మ మెడ చూసుకున్నా." ఇందులో ప్రతి మాటకూ ఎడమ పేజీకి గీత ఉంది. పలక, తల, మెడ. 'పాపం' అన్న మాటే లేదు. ఆ పిల్ల భాషను నేను దిద్దలేదు. మీరు కూడా మీ ఇంటి మాటల్లోనే రాయండి.

రెండోది జవాబు ఫోటో. ఫోటోకు ఫోటోతోనే బదులివ్వడం. అదే చోటు, అదే భంగిమ కాపీ కొట్టడం వద్దు. చూసిన ఫోటోలో నుంచి ఒకే ఒక్క నిర్ణయం తీసుకోండి. ఫోటోగ్రాఫర్ కింద కూర్చుని తీశారు కాబట్టి నేనూ కూర్చుని తీస్తాను. లేదా, మనిషి ముఖం లేకుండా చేతులే తీస్తాను. గుజరాత్‌లో 1934లో పుట్టిన చిత్రకారుడు జ్యోతి భట్ 1960ల చివర నుంచి పల్లెపల్లె తిరిగి, ఇళ్ల గోడల మీద, వాకిళ్లలో ఆడవాళ్లు వేసే బొమ్మలను ఫోటోలు తీశారు. మ్యాప్ తెరిచినప్పుడు మొదటి ప్రదర్శనల్లో ఆయనదీ ఒకటి. ఆయన ఫోటోలు చూసినవాళ్లు సంక్రాంతి దాకా ఆగక్కర్లేదు. రేపు పొద్దున్నే మీ వీధిలో మామూలు నాలుగు గీతల ముగ్గు వేస్తున్న ఇంటి ముందు ఆగండి. "అక్కా, ఒక ఫోటో తీసుకోవచ్చా?" అని అడగండి. వద్దంటే నవ్వి వచ్చేయండి. సరేనంటే ముగ్గు ఒక్కటే కాదు, పిండి పట్టిన వేళ్లు కూడా తీయండి. తర్వాత ఆ ఫోటోను ఆమెకు తప్పకుండా చూపించండి, వీలైతే ప్రింటు తీసి ఇవ్వండి. సాయంత్రానికి ముగ్గు పోతుంది, ప్రింటు ఉంటుంది.

మూడోది వరస మార్చడం. దయానితా సింగ్ తన ఫోటోలను చెక్క చట్రాల్లో అమర్చి, వరస ఎప్పటికప్పుడు మార్చుకునేలా తయారు చేస్తారు, వాటినే మ్యూజియంలు అంటారు. మనమూ చేయొచ్చు. ఆల్బమ్‌లోవి, ఫోన్‌లోవి కలిపి ఏడు ఫోటోలు చిన్న ప్రింట్లు తీయించండి. నేల మీద పరిచి వరస మార్చి మార్చి చూడండి. మా అవ్వ ఫోటో పక్కన పెళ్లి ఫోటో పెడితే ఒక కథ, పాసు పుస్తకం మొదటి పేజీ ఫోటో పెడితే ఇంకో కథ. ఏ వరస దగ్గర కడుపులో కదిలిందో అక్కడ ఆపండి.

బస్సెక్కలేని వాళ్లకు

మ్యాప్, పరి రెండూ ఇంటర్నెట్‌లో చాలా పని ఉచితంగా చూపిస్తున్నాయి. పరిలో తెలుగులో చదవడానికి కూడా ఉంది. ఫోన్‌లో చూస్తే వేలు ఊరుకోదు, జారుతూనే ఉంటుంది. ఒక్క ఫోటోను వీధి చివర జిరాక్సు షాపులో పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి గోడకు అంటించండి. రంగులు సరిగ్గా రావు, అయినా 10 నిమిషాలు నిలబడటానికి అది చాలు. బడి టీచర్లు తరగతిలో ఇలాగే చేయొచ్చు. వారానికి ఒకటి అంటించి, పిల్లల చేత 'ఉన్నది' పేజీ ఒక్కటే రాయించండి. కుడి పేజీ వాళ్లంతట వాళ్లే అడుగుతారు.

ఇంటికొచ్చాక

మూడు రోజుల్లోపు నోటుబుక్కు తీయండి. వారం దాటితే పెన్సిల్ రాత మనకే అర్థం కాదు. రెండు పేజీలూ చదివి, పేజీ నిండా సరిపోయేంత శుభ్రంగా తిరగరాయండి. ఫోటోగ్రాఫర్ పేరు, చూసిన చోటు, తేదీ తప్పకుండా వేయండి.

ఆ తర్వాత చేయాల్సిన చిన్న పని ఒకటుంది. ఇంట్లో సాధన చేసిన పాత ఫోటోకు కూడా మ్యూజియంలో లాగా ఒక చీటీ రాసి పక్కన అంటించండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాయండి. మా ఇంట్లో అవ్వ ఫోటో కింద ఇప్పుడు ఇలా ఉంది: 'అవ్వ. అనంతపురంలో ఒక స్టూడియో. చేను రిజిస్ట్రేషన్ అయిన రోజు. ఎడమ బొటనవేలికి ఉన్నది సిరా.'